రెండు గంటల మందు

రాత్రి రెండైతే
నాకంటే ముందు నా చేతులు లేస్తయ్.
సీసా మూత గిల్లుడు, నీళ్లు కలుపుడు,
బుడగ పోయేదాకా వేలితో కొట్టుడు,
పిల్ల మణికట్టు మీది సన్నపు గొట్టంలోకి
అరగంట సేపు చుక్క చుక్క దించుడు.
పన్నెండేండ్ల నుంచి
నల్లగొండ పెద్దాస్పత్రిల ఇదే నా జపం.

ఇయ్యాల ఆ మందు పేరు మీద
ఎర్ర గీత ఉన్నది.
పక్కన డాక్టర్ ఫర్హానా సంతకం, టైము.
రెండు దినాలు వెచ్చగ పెట్టి చూసినా
రక్తంల ఏదీ మొలవలేదట.
దోమ రాజేసిన జరానికి
ఈ మందు చుట్టమే కాదు, ఇంక ఆపుదాం, అన్నది.
అని, గీత కొట్టిన పెన్నును
జేబుల పెట్టుకోను చాలాసేపు పట్టింది ఆమెకు.

నాలుగో మంచం. కేతావత్ శ్రావ్య.
నాలుగేండ్లు, పదకొండున్నర కిలోలు,
నేరేడుగొమ్ము దాటినంక ఓ తండా.
నోట్ల గొట్టం, ముక్కుల గొట్టం,
కాలిగోళ్లకు మాత్రం గులాబిరంగు.
ఎవరేసిన్రో, ఒక వేలు మరిచిన్రు.

అద్దం అవతల నాయిన హాతీరాం.
"మందు బందు జేసిన్రంట?
చేతులెత్తేసిన్రా సిస్టరమ్మా?
పైసల్లేవనుకుంటున్రా? బర్రెనమ్మి తెచ్చిన."

ఆపుడుకు, వదిలేసుడుకు నడుమ
ఎంత సన్నపు సందు!
అండ్ల వేలు పెట్టి చూపెట్టుడెట్ల?
తోచక అడిగిన: పత్తి ఎట్లున్నదన్నా?
"ఏం పత్తి! గులాబి పురుగు.
మొదట్ల ఒక్కసారి కొడితే రాలేది.
ఇప్పుడు వారానికోసారి కొట్టినా
మందు తాగి బలుస్తున్నది..."
తన మాట తనకే ఇనబడ్డట్టు
మధ్యల ఆగిండు.
నమ్మిండని కాదు. ఆగిండు, అంతే.

నేను చెప్పనిది ఇంకొకటున్నది.
పోయిన వానకాలం, రెండో మంచం, తొమ్మిది నెలల బాబు.
వాని రిపోర్టుల మందుల పేర్లు వరసగా,
ప్రతి పేరు ముందర లొంగదు, లొంగదు, లొంగదు.
ఆ పేర్లన్నీ నా చేతికి తెలిసినవే.
వానికి కాదు, వానికంటే ముందు
ఎందరికో ఎక్కించిన,
ఎందుకైనా మంచిది, ఎందుకైనా మంచిది అనుకుంట.
వాని చిన్న తువ్వాల
ఎవరూ అడగలే. అల్మారల ఉన్నది.

రెండు దాటింది. చేతులు ఖాళీ.
ఖాళీ చేతులంత బరువు
నేనెన్నడూ మొయ్యలే.
పిల్లను ఒత్తిగిల్ల పెట్టిన.
దూది తడిపి పెదవులద్దిన.
సంచిల మూత్రం కొలిచిన:
గంటకు పద్నాలుగు, నిన్నటికంటే నాలుగెక్కువ.
గొట్టాలల్ల ఏవి అక్కర తీరినయో
ఒక్కొక్కటే తడిమి చూసిన.

నాలుగింటికి ఒళ్లు మళ్ల కాలింది.
నా వేలు ఫోను మీదికి ఉరికింది.
అవతల నిద్రగొంతు: "గుండె వేగం? చేతులు వెచ్చగున్నయా?
సరే. రక్తం ఇంకోసారి పంపు. గంటకోసారి చెప్పు.
పిల్ల అడిగితే ఇద్దాం.
మన భయం అడిగితే కాదు."

తెల్లారేసరికి జరం దిగింది.
గొట్టం ఇంక తియ్యలే. మాటిచ్చేటంత దూరం రాలే.
కానీ నా చిటికెనవేలును
ఒక్క క్షణం పట్టుకున్నది శ్రావ్య,
లేకపోతే నాకట్లనిపించింది.

డ్యూటీ దిగుతుంటే
హాతీరాం అంగీజేబుల్నుంచి రెండు సీసాలు తీసిండు.
మొన్న ఇక్కడ అయిపోయిందంటే
గడియారం కాడి దుకాణంల కొన్నయట.
"ఇంటికి తీస్కపోత. చిన్నోనికి జరమొస్తే
తండాకొచ్చే ఆరెంపీ సూదేస్తడు.
ఎందుకైనా మంచిది గద."

ఆ మాట ఆయన నోట్ల
నా గొంతుతో ఇనబడ్డది.

దుకాణం తొమ్మిదింటికి తెరుస్తడు.
ఎనిమిదైంది.
రా అన్నా, చాయ్ తాగుదాం,
బిల్లు జేబులనే ఉన్నదా చూసుకో, అన్న.
రెండు సీసాలు నా చేసంచిల,
ఒకదానికొకటి తాకి
టిక్కు టిక్కుమంటున్నయ్.